కుక్క వణుకుతుంటే ఉప్పునీళ్లు పొయ్యొద్దు

సంపాదకుల వారికి,

మా కోవూరు చుట్టుపక్కల వరి పొలాల్లో పురుగుమందులు చల్లేటప్పుడు, గట్ల మీద ఎలుకల మందు పెట్టేటప్పుడు కుక్కలు వాంతులు చేసుకుని వణికిపోతుంటాయి, మూతి నిండా నురగ, వెనక కాళ్లు కొట్టుకుంటుంటాయి. చుట్టూ చేరినోళ్లలో ఉప్పునీళ్లు పట్టమని ఒకరు, పాలు పొయ్యమని ఒకరు. ఏదీ పొయ్యకండి! ఆ స్థితిలో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పైగా ఎక్కువ ఉప్పే ఒక విషం. మన పారాసెటమాల్ అసలే వద్దు.

చెయ్యాల్సింది వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, తిన్న మందు ప్యాకెట్టు దొరికితే అది కూడా పట్టుకెళ్లడం, ఎందుకంటే కొన్ని పురుగుమందులకు అట్రోపిన్ ఇంజెక్షన్, రక్తం గడ్డకట్టనివ్వని ఎలుకల మందుకైతే విటమిన్ కె, చికిత్స ఒకటి కాదు. ఫిట్స్ వస్తుంటే నోట్లో చెయ్యి పెట్టొద్దు. టీకాలు వేయించని కుక్కపిల్లలైతే పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులు కూడా కావచ్చు. ముక్కూమొహం తెలియని వీధికుక్క చొంగ కారుస్తూ తూలుతుంటే మాత్రం దూరంగా ఉండండి, రేబిస్ కావచ్చు.

అయినా పురుగుమందుల షాపుల్లోనే ఈ నాలుగు ముక్కలు రాసి గోడకు అతికిస్తే పోయేదేముంది? వ్యవసాయ శాఖ వాళ్లు కాస్త చెప్పి చేయించాలి.

– ఒక పాఠకుడు, కోవూరు, నెల్లూరు జిల్లా