చూసుకునేవాళ్లకూ కాస్త విశ్రాంతి

అందరికీ నమస్కారం. ఇంట్లో పెద్దవాళ్లను కనిపెట్టుకుని ఉంటున్నవాళ్ల కోసం ఈ మెసేజ్. ఓపిక పూర్తిగా అయిపోయాక, కొన్నాళ్లు మన బదులు చూసుకునే మనిషి కోసం వెతికితే దొరకరు, ముందే చూసిపెట్టుకోండి. కొన్ని వృద్ధాశ్రమాలు వారం, పది రోజులకు కూడా చేర్చుకుంటాయి, కానీ మనం అడిగితేనే చెబుతారు. ఇంటికే మనిషిని పిలిపిస్తే మొదటిసారి ఒక్క పూటే పెట్టి, మీరు పక్క గదిలో ఉండండి. మంచం మీద నుంచి లేపి కూర్చోబెట్టడం వచ్చా, మతిమరుపు ఉన్నవాళ్లను ఇదివరకు చూశారా అని అడగండి. మందుల వేళలు, డాక్టర్ నంబర్, ఏ చెవి వినిపించదో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. నేను ఆ చెవి సంగతి రాయడం మర్చిపోయా. వచ్చినామె రోజంతా ఎడమవైపు నుంచే మాట్లాడింది, అమ్మేమో పలకరించడం లేదని అలిగి కూర్చుంది! మీకు తెలిసిన నమ్మకమైన చోటు ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టండి.