హ్యూస్టన్ అన్నకి థాంక్స్, మా ఎర్ర మియాటా తరఫున

ఈ పోస్టు ఒక అన్నకి థాంక్స్ చెప్పడానికి. పేరు మాత్రం రాయొద్దని గట్టిగా చెప్పాడు. "రాశావంటే వచ్చే శనివారానికల్లా టెక్సస్‌లో ఉన్న పాత కార్లన్నీ నా డ్రైవ్‌వేలో ఉంటాయి" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే ఉంటాయి. కాబట్టి ఇంజినీరింగ్‌లో నాకు సీనియర్ అనీ, హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాడనీ చెప్పి ఊరుకుంటాను. మన కాలేజీ వాళ్ళకి ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది.

ముందు కారు సంగతి. నాది 1992 మాజ్దా మియాటా, ఎర్రది. రెండే సీట్లు, గుడ్డ టాపు, స్విచ్ నొక్కితే లేచి మళ్ళీ పడుకునే హెడ్‌లైట్లు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన మోడలే ఇది. ఇంజిన్ 1.6 లీటర్లు, పవర్ 116 హార్స్‌పవర్. ఈ రోజుల్లో కూరగాయలు తేవడానికి వాడే కార్లకి కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా బరువు టన్నుకి అటూ ఇటూ మాత్రమే, పైగా వెనక చక్రాలు తిప్పే బండి కాబట్టి ముప్పై మైళ్ళ స్పీడులో మలుపు తిరిగినా మనసు ఎగిరి గంతేస్తుంది. 2016లో ఈ మోడల్ కార్ల లెక్క పది లక్షలు దాటింది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇంకేదీ దీని దరిదాపుల్లో లేదు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో రెండు సీట్ల కారేమిటని మా ఆవిడ అడిగే ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. దాని గురించి వేరే పోస్టు రాయాలి.

ఇక జబ్బు. ఎండలు ముదిరినప్పటి నుంచి బండి ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. దగ్గడం లేదు, వణకడం లేదు, టప్పున ఆగిపోతుంది. ఒక అరగంట నీడలో పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతుంది. డాలస్ వైపు ఉన్న వర్క్‌షాపులకి తీసుకెళ్తే వాళ్ళ ముందు ఒక్కసారీ ఆగలేదు. మెకానిక్కులు మొదట స్కానర్ తగిలించే సాకెట్ కోసం వెతుకుతారు. అమెరికాలో ఆ సాకెట్ అన్ని కార్లకీ తప్పనిసరి అయింది 1996 నుంచి. నా బండికి అది ఉండదు. బోనెట్ కింద చిన్న డబ్బాలో రెండు పిన్నులని వైరుతో కలిపి, చెక్ ఇంజిన్ లైటు ఎన్నిసార్లు మినుకుమంటే ఏ కోడో లెక్కపెట్టుకోవాలి. అంత ఓపిక ఎవరికుంది? ఒకరు ఫ్యూయల్ ఫిల్టర్ మార్చారు. ఇంకొకరు ప్లగ్ వైర్లు మార్చారు. మూడో ఆయన కంప్యూటర్ పోయిందని, వెయ్యి డాలర్ల పైమాటేనని అన్నాడు. ఏమాత్రం ఖాయమని అడిగితే భుజాలెగరేశాడు. అప్పుడు అన్నకి ఫోన్ చేశాను.

అన్న ఏ పార్టూ పేరెత్తలేదు. వరసగా ప్రశ్నలే. హైవే మీద ఆగిందా ఎప్పుడైనా? ఆగే ముందు ఎంతసేపు పార్క్ చేశావు? ఆగిన క్షణంలో ఆర్‌పీఎం ముల్లు ఏం చేసింది? మొదటి రెండిటికీ ఆలోచించి చెప్పాను. హైవే మీద ఎప్పుడూ లేదు. గ్యాస్, అంటే పెట్రోలు, కొట్టించి బయల్దేరాకో, పిల్లాణ్ణి క్లాసు దగ్గర దింపి ఐదు నిమిషాలు ఆగాకో, అలాంటప్పుడే. మూడోదానికి, అంటే ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ముల్లు సంగతికి, జవాబు తెలియదు. బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంటే ముల్లు వైపు ఎవరు చూస్తారు అన్నాను. "ఈసారి చూడు. ఇంకో సంగతి, ట్రక్కు మీద వేసుకుని రావద్దు. నడుపుకుంటూ రా. చచ్చిన బండిని నేనేం చేసుకుంటాను, చచ్చేటప్పుడు చూడాలి" అన్నాడు.

డాలస్ నుంచి హ్యూస్టన్ ఐ-45 హైవే మీద దాదాపు 240 మైళ్ళు. మోకాలెత్తు కారులో, పద్దెనిమిది చక్రాల ట్రక్కుల మధ్య, ఎప్పుడు ఆగుతుందో తెలియని ఇంజిన్‌తో వెళ్ళాలంటే టెన్షన్ మామూలుగా లేదు. మా పక్క వీధి తమ్ముడొకడు "నేను వెనక వస్తా అన్నా" అని తన సియెన్నా వ్యాన్ తీశాడు. దారంతా నా వెనకే, హజార్డ్ లైట్ల మీద వేలు పెట్టుకుని వచ్చాడు. తెల్లారకముందే బయల్దేరాం. ఎన్నిస్, కార్సికానా, ఫెయిర్‌ఫీల్డ్, బఫెలో, అన్నీ దాటాం. బండి బంగారంలా నడిచింది. టాపు దించుకుని, చల్లగాలిలో, అసలు ఏ రోగమూ లేదేమో అని కూడా అనిపించింది.

మాడిసన్‌విల్‌లో బక్కీస్ అనే పెద్ద గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగాం. ఐ-45 మీద వెళ్ళే మనవాళ్ళు ఆగకుండా ఉండని చోటు అది. గ్యాస్ కొట్టించి, కాఫీ తాగి, బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చేసరికి ఎండెక్కింది. బయల్దేరి సర్వీస్ రోడ్డు ఎక్కానో లేదో, టప్. ఈసారి చూశాను. బండి ఇంకా గేరులోనే దొర్లుతోంది, అంటే ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంది, కానీ ముల్లు మాత్రం ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. పికప్‌లో వెళ్తున్న ఒక టెక్సస్ పెద్దాయన బండాపి, నేను అడక్కుండానే వచ్చి వెనక నుంచి తోశాడు. తోస్తూ తోస్తూ తన చిన్నప్పటి ఎంజీ అనే బ్రిటిష్ కారు కథంతా చెప్పాడు. ఆయన ఈ పోస్టు చదవలేడు, అయినా ఆయనకీ థాంక్స్.

గడ్డిలో నిలబడి అన్నకి ఫోన్ చేసి ముల్లు సంగతి చెప్పాను. అవతల నుంచి చప్పట్ల చప్పుడు వినిపించింది! పెట్రోలు అందక ఆగితే ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ముల్లు కూడా నెమ్మదిగా దిగుతుందట. ఠక్కున పడిందంటే స్పార్క్ వైపు సిగ్నలో, అసలు కరెంటో పోయినట్టట. "ఫిల్టర్ మార్చినవాడు ఈ ఒక్కటి అడిగి ఉంటే సరిపోయేది కదరా. సరే, చల్లారాక రా. వదిన ఇడ్లీ పెడుతున్నారు" అన్నాడు.

కొంతసేపటికి బండి చల్లారి మళ్ళీ స్టార్ట్ అయింది. హంట్స్‌విల్‌లో శామ్ హ్యూస్టన్ తెల్ల విగ్రహం కనబడ్డాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను. 67 అడుగుల విగ్రహం, చెట్ల పైనుంచి దూరానికే కనిపిస్తుంది.

అన్న పెరిగింది విజయవాడ ఆటోనగర్ పక్కన. వాళ్ళ నాన్నగారిది లారీలకి ఎలక్ట్రికల్ పని చేసే షెడ్డు, డైనమోలు, సెల్ఫ్ మోటార్లు. అక్కడ మీటర్ లేదు. ఒక బల్బు, దానికి రెండు వైర్లు, అంతే. అన్న గ్యారేజీలో ఇప్పుడు మంచి మల్టీమీటర్ ఉన్నా ఆ రోజు దాన్ని తీయలేదు. రెండు ఇండికేటర్ బల్బులు తీశాడు. ఎందుకంటే, మాడిన కాంటాక్టు (కరెంటు దాటడానికి రెండు లోహపు ముక్కలు కలిసే చోటు) గుండా కూడా మీటర్‌కి వోల్టేజీ కనబడుతుంది, అది తాగే కరెంటు దాదాపు ఏమీ ఉండదు కాబట్టి. బల్బు అలా కాదు, కరెంటు లాగుతుంది. అవతల సరిగ్గా అందకపోతే వెంటనే నీరసపడుతుంది.

ముందు కోడ్‌లు చూశాడు. లైటు మినుకులు లెక్కపెడితే కోడ్ ఏదీ లేదు. నేను నీరుగారిపోయాను, ఆయన మాత్రం ఇంకా హుషారయ్యాడు. "కంప్యూటర్‌కే కరెంటు పోతే తప్పు ఎవరు రాస్తారు?" అని మెయిన్ రిలే దగ్గరికి వెళ్ళాడు. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటుని ఇంజిన్ కంప్యూటర్‌కీ, ఇంజెక్టర్లకీ అందించే అగ్గిపెట్టెంత డబ్బా అది. ఇంజిన్ పక్కనే, ఫ్యూజుల డబ్బాలో ఉంటుంది. రిలేకి కరెంటు వచ్చే వైపు ఒక బల్బు, బయటికి వెళ్ళే వైపు ఒక బల్బు కట్టి రెండిటినీ అద్దం మీద టేపుతో అంటించాడు. ఇంజిన్ స్టార్ట్ చేస్తే రెండూ వెలిగాయి. తర్వాత ఇంట్లోకి వెళ్ళి వదిన హెయిర్ డ్రయ్యర్ తెచ్చాడు.

డ్రయ్యర్ మూతిని రిలేకి దగ్గరగా పట్టుకుని నిలబడ్డాడు. నేను, తమ్ముడు, అన్నవాళ్ళ చిన్నమ్మాయి బల్బుల వైపే చూస్తున్నాం. చాలాసేపు ఏమీ లేదు. అమ్మాయికి విసుగొచ్చి లోపలికి వెళ్ళబోతుండగా రెండో బల్బు ఎర్రగా మసకబారింది. ఒకసారి మళ్ళీ వెలిగింది, అంతలోనే ఆరిపోయింది. దాంతోపాటే ఇంజినూ ఆగింది. మొదటి బల్బు మాత్రం అలాగే వెలుగుతోంది. స్క్రూడ్రైవర్ పిడితో రిలే నెత్తిన చిన్నగా కొట్టాడు. టిక్‌మని రెండో బల్బు మళ్ళీ వెలిగింది.

నేను ఎగిరి గంతేశాను. అన్న అక్కడితో ఆగలేదు. అల్మారాలోంచి కొత్త రిలే తీశాడు. ముందే తెప్పించి పెట్టాడట, నాకు చెప్పలేదు. "చెబితే ముల్లు చూసేవాడివి కాదు" అన్నాడు. కొత్తది పెట్టి మళ్ళీ డ్రయ్యర్. ఎంతసేపు పట్టుకున్నా రెండు బల్బులూ కదల్లేదు. సరే అయిపోయింది కదా అనుకుంటే, కొత్తది తీసేసి పాతదే మళ్ళీ పెట్టి మళ్ళీ వేడి చేశాడు. మళ్ళీ ఆగింది. అప్పుడు గానీ "దొరికింది" అన్న మాట ఆయన నోట రాలేదు. డబ్బు తీసుకునే ఒక్క చోటా ఇంత నిక్కచ్చిగా చూసినవాళ్ళు నాకు తగల్లేదు.

పాత రిలే మూత ఊడదీసి చూపించాడు. లోపల కాంటాక్టులు మాడి నల్లబడి, సూదితో పొడిచినట్టు గుంటలు పడి ఉన్నాయి. ముప్పై ఏళ్ళు దాటిన వస్తువు, దాన్ని అనడానికేమీ లేదు. వేడికే ఎందుకు అంటే, రిలే లోపలి రాగి చుట్ట వేడెక్కినకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున. నిరోధం పెరిగితే కరెంటు తగ్గుతుంది, అయస్కాంతం పట్టు సడలుతుంది, అసలే మాడిన కాంటాక్టు విడిపోతుంది. హైవే మీద బోనెట్ కింద గాలి ఆడుతుంది. బండి ఆపగానే గాలి ఆగిపోతుంది, ఇంజిన్ వేడి మాత్రం ఎటూ పోక పక్కనున్నవాటికి ఎక్కుతుంది. ఆగి బయల్దేరినప్పుడే చచ్చేది అందుకే. ఫోన్‌లో మొదటి ప్రశ్నకే అన్నకి సగం తెలిసిపోయిందన్నమాట.

పనిలో పనిగా ఇంజిన్ వెనక ఆయిల్ చెమ్మ కూడా చూశాడు. ఈ బళ్ళలో ఇంజిన్ పై భాగమైన హెడ్ వెనక, ఇంజిన్ ఎంతవరకు తిరిగిందో కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని ఓ-రింగు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు, గట్టిపడిపోతే ఆయిల్ కారి, కింద ఉన్న హీటర్ గొట్టాల మీద పడి వాటిని మెత్తబరుస్తుంది. సెన్సర్ విప్పే ముందు తెల్ల మార్కర్‌తో గీత గీసి పెట్టుకున్నాడు. ఎందుకంటే అది కాస్త తిరిగితే ఇంజిన్ టైమింగే, అంటే స్పార్క్ పడే సమయమే, మారిపోతుంది. ఓ-రింగు మార్చి, గీతకి గీత కలిపి బిగించి, అంతటితో నమ్మకుండా టైమింగ్ లైటు పెట్టి పది డిగ్రీలు సరిగ్గా ఉందో లేదో చూశాడు. ఆ బోల్టు దగ్గరికి చెయ్యి దూర్చడం ఎంత నరకమో ఈ బండి ఉన్నవాళ్ళకే తెలుసు. అన్న మోచేతి మీద గీరుకుపోయిన ఎర్రటి చారల ఫోటో పెడదామంటే వద్దన్నాడు.

డబ్బు సంగతి ఎత్తితే కోపం వచ్చింది. రిలే డబ్బులైనా తీసుకోమంటే "మీ అమ్మగారు ఈసారి ఊరి నుంచి వచ్చేటప్పుడు ఉసిరికాయ పచ్చడి తెమ్మను" అన్నాడు. అమ్మకి చెప్పేశాను, జాడీ అప్పుడే కడిగి పెట్టిందట.

వదినా, పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం గోంగూర మటన్, దారికి పులిహోర, వాటన్నిటికీ పెద్ద థాంక్స్. హెయిర్ డ్రయ్యర్‌కి గ్రీజు అంటింది, కొత్తది ఆర్డర్ పెట్టాను, ఈ వారంలో వస్తుంది. అన్న చెప్పి ఉండడు, నేనే చెబుతున్నాను. సియెన్నా తమ్ముడికి, వారాంతం మొత్తం వదులుకుని నా వెనక అరవై మైళ్ళ స్పీడులో వచ్చినందుకు, ఒక ఆదివారం మియాటా తాళాలు నీవే. టాపు వేసే పద్ధతి మాత్రం నేర్పించాకే ఇస్తా, వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్పు విప్పకుండా మడిస్తే చిట్లిపోతుంది.

తిరుగు ప్రయాణం మిట్టమధ్యాహ్నం పెట్టుకోమని అన్నే చెప్పాడు. మాడిసన్‌విల్‌లో అదే చోట ఆగి, కావాలని బండిని ఎండలో పెట్టి, కాఫీ తాగి బయల్దేరాను. ఆగలేదు. కార్సికానాలోనూ అలాగే చేశాను, అక్కడా ఆగలేదు.

అన్న సలహా మీద ఇంకో రిలే తెప్పించి గ్లవ్ బాక్సులో పెట్టుకున్నాను, ఇంట్లో కూడా ఒకటి అదనంగా ఉంది. డాలస్, ఫ్రిస్కో, ప్లేనో వైపు ఎవరిదైనా ఈ పాత మోడల్ మియాటా వేడికి ఆగిపోతుంటే నాకు మెసేజ్ పెట్టండి. రిలే తెచ్చిస్తాను, రెండు బల్బులు కూడా తెస్తాను. హెయిర్ డ్రయ్యర్ మాత్రం మీదే.