ఎన్‌రోల్‌మెంట్ ఫీజుల లెక్కలు అందరి ముందు పెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

లా డిగ్రీ చేతికొచ్చాక లాయరుగా బార్ కౌన్సిల్లో పేరు ఎక్కించుకోడానికి, అంటే ఎన్‌రోల్‌మెంట్‌కి, వెళ్లే పిల్లల దగ్గర తీసుకునే డబ్బు గురించి రాస్తున్నానండి, కాస్త పొడుగైనా దయచేసి వేయండి. నేను ఒక చిన్న ఊరి కోర్టులో ప్రాక్టీసు చేస్తాను, నా దగ్గర జూనియర్లు ఉన్నారు, వాళ్ల ఇళ్లల్లో పరిస్థితి ఏంటో నాకు తెలుసు.

ఈ ఫీజు ఎవరో ఆఫీసులో కూర్చుని అనుకునేది కాదు, అడ్వకేట్స్ యాక్ట్ 1961లో సెక్షన్ 24లోనే అంకె రాసుంది. 1993లో సవరించాక జనరల్ వాళ్లకి 750 రూపాయలు, అందులో 600 రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి, 150 బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి. ఎస్సీ ఎస్టీలకి మొత్తం కలిపి 125. పార్లమెంటు ఇంత స్పష్టంగా అంకె వేసిపెట్టినా, సుప్రీంకోర్టు ముందుకొచ్చిన పిటిషన్లలో కనపడిన అంకెలు చూడండి, ఒడిశాలో 42,100, గుజరాత్‌లో 25,000, ఉత్తరాఖండ్‌లో 23,650, జార్ఖండ్‌లో 21,460, కేరళలో 20,050. ఇదెలా కుదిరిందంటే చట్టంలో ఉన్న 750ని అలాగే ఉంచి దాని పక్కన లైబ్రరీ ఫండ్, బిల్డింగ్ ఫండ్, ప్రాసెసింగ్, వెరిఫికేషన్, ఐడీ కార్డు, బెనవలెంట్ ఫండ్ (లాయర్ల సహాయ నిధి), ఆలస్యమైతే దానికింకోటి, ఇలా ఒక్కో పేరు చేర్చుకుంటూ పోయారు, అవన్నీ కట్టకపోతే ఎన్‌రోల్‌మెంట్ లేదు, ఎన్‌రోల్‌మెంట్ లేకపోతే కోర్టులో నిలబడే హక్కు లేదు, ఇక కట్టక ఏం చేస్తారు?

2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలా బెంచ్ దీన్ని ఆపింది. సెక్షన్ 24లో ఉన్న ఫీజు, స్టాంపు డ్యూటీ ఏమైనా ఉంటే అది, అంతకుమించి ఎన్‌రోల్‌మెంట్ కోసం పైసా తీసుకోకూడదు, తీసుకుంటే అది సమానత్వ హక్కుకీ వృత్తి చేసుకునే హక్కుకీ విరుద్ధం అని చెప్పింది. చాలా మంచి తీర్పు, నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. కాకపోతే అప్పటిదాకా ఎక్కువ తీసుకున్నది తిరిగివ్వక్కర్లేదని కూడా అందులోనే ఉంది. సరే, వెనక్కి ఇవ్వొద్దు, కనీసం అదంతా దేనికి ఖర్చయిందో చెప్పాలి కదా? ఇన్నేళ్లు లైబ్రరీ పేరుతో తీసుకున్నదాంట్లో లైబ్రరీకి ఎంత పోయింది, బిల్డింగ్ పేరుతో తీసుకున్నది ఏ బిల్డింగ్‌కి పోయింది? మా బార్ అసోసియేషన్లో ఎవర్ని అడిగినా తెలీదంటారు, సీనియర్లకీ తెలీదు.

దీనికి కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు. అదే యాక్ట్‌లో సెక్షన్ 12 చదవండి. బార్ కౌన్సిల్ లెక్కలు ఆడిట్ చేయించాలి, కంపెనీలకి ఆడిట్ చేసే అర్హత ఉన్న ఆడిటరే చేయాలి, ఆ లెక్కలూ ఆడిటర్ రిపోర్టూ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి పంపాలి, గెజిట్‌లో వేయించాలి, తర్వాతి ఏడాది డిసెంబర్ 31 దాటకూడదు. లాయర్లం, రోజూ పక్కవాడి లెక్కల మీద సెక్షన్లు చదివి వాదిస్తాం, మన సొంత సంస్థ విషయంలో ఈ ఒక్క సెక్షన్ ఎందుకు పట్టించుకోమో నాకర్థం కాదు. పట్టించుకోవాలి.

కౌన్సిళ్ల వాదన కూడా చెప్పాలి, అది పూర్తిగా తప్పు కాదు. 1993 నాటి 600 రూపాయలతో ఈ రోజు ఆఫీసు ఎలా నడుస్తుంది, స్టాఫ్ జీతాలు, లాయర్ల మీద వచ్చే కంప్లయింట్లు విచారించే డిసిప్లినరీ కమిటీల ఖర్చు ఎక్కడినుంచి తేవాలి అంటారు. నిజమే, 600 చాలదు. చాలనప్పుడు పార్లమెంటుకి వెళ్లి మా ఖర్చు ఇంత, ఆదాయం ఇంత అని లెక్క చూపించి సవరణ అడగాలి. లెక్క చూపించకుండా ఇంకో దారి వెతుక్కుంటే ఎట్లా? తీర్పు వచ్చాక కూడా కర్ణాటకలో ఐడీ కార్డు, ట్రైనింగ్, వెల్ఫేర్ ఫండ్ పేర్లతో 6,800 రూపాయలు తీసుకుని అది మీ ఇష్టం, ఆప్షనల్ అన్నారు, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది ఆప్షనల్ అనేదేమీ లేదని. తర్వాతి నెలలోనే బార్ కౌన్సిల్ ఎన్నికల నామినేషన్ ఫీజు 1,25,000 చేశారు, కారణం ఎన్‌రోల్‌మెంట్ ఆదాయం తగ్గిపోవడమే అన్నారు. లక్షా పాతికవేలు కట్టి నిలబడగలిగేది ఎవరండీ? జూనియర్ల కష్టం తెలిసిన చిన్న ఊరి లాయర్ ఆ కౌన్సిల్లో అడుగు పెట్టలేడు, ఇలాంటి పై ఫీజులు పెట్టేది మాత్రం ఆ కౌన్సిలే. ఆలిండియా బార్ ఎగ్జామ్‌కి 3,500 వేరే, ఎస్సీ ఎస్టీలకి 2,500, అది పాసవకపోతే ప్రాక్టీసు కొనసాగదు.

గవర్నమెంటు వైపు కూడా ఇదే రోగం ఉంది కాబట్టి ఒకట్రెండు మాటలు. ఫీజు అంటే కట్టినవాడికి దానికి తగ్గ సేవ చేయడం, టాక్స్ అంటే ఖజానాలో కలిపేసుకోవడం, ఈ తేడాని సుప్రీంకోర్టు 1954లోనే శిరూర్ మఠం కేసులో చెప్పింది. 1983లో మన ఆంధ్రప్రదేశ్ మార్కెట్ ఫీజు కేసులోనే, శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ అని, సేవకీ ఫీజుకీ పైసాకి పైసా సరిపోనక్కర్లేదు, స్థూలంగా సంబంధం ఉంటే చాలని సడలించారు. ఆ సడలింపే గవర్నమెంట్లకి అలుసైందని నా అభిప్రాయం. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం కట్టడాల ఖర్చు మీద తీసుకునే సెస్సు చూడండి, 2018 మార్చి తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం 37,400 కోట్లకి పైగా వసూలైతే కూలీల కోసం ఖర్చయింది 9,500 కోట్లు. తాపీ పనివాళ్ల పేరు మీద తీసిన డబ్బుతో లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్న సంగతి కూడా అదే కేసులో బయటపడింది. ఇక వృత్తి పన్ను, రాజ్యాంగం 276వ ఆర్టికల్లో రాష్ట్రంతో పాటు మున్సిపాలిటీల కోసం, స్థానిక సంస్థల కోసం అని ఉంది, ఏడాదికి 2,500 దాటకూడదు, మన దగ్గర వసూలు చేసేది మాత్రం రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ. కట్టిన లాయరుకో డాక్టరుకో అందులో తన ఊరి మున్సిపాలిటీకి ఎంత చేరిందో చెప్పేవాళ్లు లేరు.

నా బాధంతా జూనియర్ల గురించేనండి. ఇంట్లో మొదటిసారి చదువుకున్న పిల్లలు, అమ్మానాన్న కూలికెళ్లి చదివించినవాళ్లు, డిగ్రీ అయ్యాక అప్పుచేసి గౌను, బ్యాండు కొనుక్కుని వస్తారు. మొదటి రెండు మూడేళ్లు సీనియర్ ఇచ్చేది బస్సు ఛార్జీలకి సరిపోతే గొప్ప. అలాంటివాళ్లని గేటు దగ్గరే ఆపి వేలు కట్టమంటే ఇంకేదో ఉద్యోగం చూసుకుంటారు, రేపు జడ్జీల్లోకి, పబ్లిక్ ప్రాసిక్యూటర్లలోకి వాళ్లెలా వస్తారు? ఎస్సీ ఎస్టీలకి 125 అని చట్టంలో రాసింది ఇందుకే, ఆ పిల్లల దగ్గర కూడా చాలా చోట్ల వేలల్లోనే తీసుకున్నారు.

అందుకే మీ పత్రిక ద్వారా రెండు తెలుగు రాష్ట్రాల బార్ కౌన్సిళ్లనీ అడుగుతున్నా. ఎన్‌రోల్‌మెంట్ సమయంలో 2024 జులై దాకా ఏ హెడ్ (పద్దు) కింద ఎంత వసూలైంది, ఏ హెడ్ కింద ఎంత ఖర్చయింది, ఇప్పుడు బ్యాంకులో ఎంత మిగిలుంది, సెక్షన్ 12 ప్రకారం ఆడిట్ రిపోర్టులతో సహా వెబ్‌సైట్లో తెలుగులో కూడా పెట్టండి, ప్రతి జిల్లా బార్ అసోసియేషన్ నోటీసు బోర్డు మీద ఒక కాపీ అంటించండి. మిగులు ఉంటే మొదటి మూడేళ్ల జూనియర్లకి స్టైపెండ్ కింద ఇవ్వండి. ఫీజు పెంచాలంటే ఆ లెక్కల కాపీ జతచేసి మన ఎంపీలకి ఇవ్వండి, వాళ్లతో పార్లమెంటులో అడిగించడానికి మా ఊరి బార్ అసోసియేషన్ తరఫున సంతకాలు నేనే సేకరించి పంపుతాను.

ఇట్లు,
ఒక మున్సిఫ్ కోర్టు అడ్వకేటు