చెవి కారిన రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ రెండు ఉత్తరాలకూ కలిపి ఇదే జవాబు. ఎంత తిట్టినా పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం, నా పొట్ట తగ్గలేదు. అసలు సంగతికి వస్తాను.

చిన్నవాడికి రెండు చెవుల్లోనూ గ్రోమెట్లు వేయించామని చెప్పాను కదా. కర్ణభేరి వెనక నీరు నిలిచి వినికిడి తగ్గకుండా పెట్టే, పెన్సిల్ ముల్లంత గొట్టం. కర్ణభేరికి చిన్న గాటు పెట్టి అందులో కూర్చోబెట్టారు. మర్నాడే వాడు "గడియారం ఎందుకలా అరుస్తోంది?" అన్నాడు. మీ చెల్లెలు ఏడ్చేసింది. నేనూ... సరే, అది వేరే సంగతి.

మూడు వారాలకు ఒక అర్ధరాత్రి చూస్తే దిండు మీద పసుపు మరక! చెవి కారుతోంది. జ్వరం లేదు, నొప్పి లేదు, వాడు హాయిగా నిద్రపోతున్నాడు. నేను మాత్రం ఆపరేషన్ వృథా అయిందని తేల్చేశాను. నా సంగతి నీకు తెలుసుగా, ల్యాబులో పొగ వచ్చిన రోజు కిటికీ దూకిన మనిషినే! అదే ఊపులో బీరువాలోంచి పాత చెవిమందు తీసి మూత కూడా విప్పాను. మీ చెల్లెలు చేయి పట్టుకుని ఆపింది. తెల్లారి డాక్టరు ఆ సీసా చూసి ఆమెకు దండం పెట్టినంత పని చేశారు. అది జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్. గ్రోమెట్ ఉంటే చుక్క నేరుగా మధ్యచెవిలోకి దిగుతుంది, ఆ రకం మందు వినికిడినే దెబ్బతీయవచ్చట. ఇప్పటికీ తలచుకుంటే చేతులు చల్లబడతాయి.

మరి ఆ కారడం? గ్రోమెట్లు వేసిన పిల్లల్లో ఎక్కువగా కనిపించే చిక్కు అదేనట. చీము లోపల ఆగకుండా బయటికి వస్తోందంటే గొట్టం పనిచేస్తున్నట్టే. మింగే మందు అక్కరలేదని, వినికిడికి ఆ ప్రమాదం లేని సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు వారం రోజులకు రాశారు. వేసే విద్య నర్సమ్మ నేర్పింది. ముందు బయటి చీము తుడవాలి, లేకపోతే మందు దాని మీదే నిలిచిపోతుంది. సీసాను గుప్పిట్లో వెచ్చబరచాలి, చల్లటి చుక్క పడితే పిల్లవాడికి కళ్లు తిరుగుతాయి. చుక్కలు వేశాక చెవి రంధ్రం ముందుండే చిన్న మిట్టను నాలుగైదుసార్లు నొక్కి వదలాలి, అప్పుడే మందు గొట్టంలోంచి దిగుతుంది. నేను నొక్కుతుంటే వాడు "నాన్నా, నేనేమైనా కాలింగ్ బెల్లా?" అన్నాడు.

దూదిపుల్లలన్నీ చెత్తబుట్టలో పడేశాను. మామూలు స్నానానికి చెవి మూయనక్కరలేదు, చెరువులో మునగడం, సబ్బు నీళ్లలో తల ముంచడం మాత్రం వద్దన్నారు. భయంతో డజను చెవి బిరడాలు కొన్నాను, నీకు పంపనా? నీ గురకకు, మా చెల్లెమ్మ చెవులకు!

ఈ గ్రోమెట్లు సాధారణంగా 6 నుంచి 18 నెలల్లో వాటంతట అవే ఊడిపోతాయి. అందాకా గొట్టం మూసుకుపోలేదు కదా అని కొన్ని నెలలకోసారి చూపించాలి. ఊడాక కూడా ఒకసారి తప్పదు, కొద్దిమందికి కర్ణభేరి రంధ్రం పూడదట, అది విన్నప్పటి నుంచి నాకు...

వాడు లేచాడు, చుక్కల వేళయింది. మిగతాది మళ్లీ