సైకిలు సీటుకు జెల్ కవరు మందు కాదు

సంపాదకులకు,

ఆదివారం తెల్లారుజామున నెల్లూరు నుంచి మైపాడు వైపు, ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు సైకిళ్లు వేసుకుని వెళ్లేవాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. వాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే సైకిలును మెట్ల కిందికి నెట్టేస్తున్నారు. కారణం ఒకటే, కూర్చోలేకపోవడం. షాపుకెళితే మెత్తటి జెల్ కవరు తొడిగి పంపుతారు. దాంతో నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, ఐదో రోజు తిమ్మిరి మొదలవుతుంది.

సీటు మీద మన బరువు మోయాల్సింది పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు. చపాతీ పిండి ముద్దను రెండు వేళ్లతో నొక్కి చూడండి, వేళ్ల మధ్య పిండి పైకి లేస్తుంది. మరీ మెత్తటి సీటులోనూ అంతే. ఎముకలు దిగబడతాయి, మధ్య భాగం ఉబ్బి తొడల సందులోని నరాల మీద ఒత్తుతుంది. తిమ్మిరి అక్కణ్ణుంచే వస్తుంది. కాస్త గట్టిగా ఉండి, మన ఎముకలకు సరిపడా వెడల్పున్న సీటే దూరప్రయాణానికి పనికొస్తుంది.

ఆ వెడల్పు తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఫ్యాను వచ్చిన అట్టపెట్టె ముక్కను చెక్క స్టూలు మీద వేసి, మడమలు కొద్దిగా పైకెత్తి, హ్యాండిల్ పట్టుకున్నంత ముందుకు వంగి ఒక నిమిషం కూర్చోండి. లేచి చేత్తో తడిమితే రెండు గుంటలు తగులుతాయి. వాటి నడిమి నుంచి నడిమికి కొలవండి. ముందుకు వంగి తొక్కేవాళ్లు ఆ కొలతకు 2 నుంచి 3 సెంటీమీటర్లు, నిటారుగా కూర్చునేవాళ్లు ఇంకొంచెం ఎక్కువ కలుపుకుంటే సీటు వెనక భాగం ఎంత వెడల్పుండాలో తేలుతుంది. ఆడవాళ్లకు సాధారణంగా ఈ కొలత ఎక్కువే వస్తుంది. ఇంట్లో ఒకరికి కుదిరిన సీటు ఇంకొకరికి కుదరదనేది అందుకే.

అయితే కొత్త సీటు కొనే ముందు పాతదాని ఎత్తు చూడాలి. నూటికి తొంభై సైకిళ్లలో తప్పు ఇక్కడే అంటే అతిశయోక్తి కాదు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలని మనవాళ్ల లెక్క. అడుగుకు వచ్చిన పెడలు నేలకు నాలుగైదు అంగుళాల పైన ఉంటుంది. పాదం నిండుగా నేలకు ఆనేట్టు సీటు దించేస్తే, పెడలు అడుగునున్నప్పుడు కూడా మోకాలు బాగా వంగే ఉంటుంది. తొక్కిన ప్రతిసారీ మోకాలిచిప్ప వెనక ఒత్తిడి పడుతుంది. కాళ్ల మీద పడాల్సిన బరువు కూడా సీటు మీదికే దిగుతుంది. ఆగినప్పుడు సీటు మీద నుంచి ముందుకు జారి, ఒక కాలు నేల మీద పెట్టడమే పద్ధతి.

సరిచేయడానికి గోడ పట్టుకుని, రోజూ వేసుకునే చెప్పులతోనే సైకిలెక్కండి. పెడలును అడుగుకు, సీటు గొట్టానికి సూటిగా తెచ్చి మడమ దానిమీద ఉంచితే కాలు తిన్నగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడలు మీదికి వస్తుంది కాబట్టి మోకాలి దగ్గర కొద్ది వంపు మిగులుతుంది, అంతే కావాలి. టేపుతో చూడాలనుకుంటే గోడకు ఆనుకుని నిలబడి, తొడల మధ్య పుస్తకం గట్టిగా పైకి ఆనించి, నేల నుంచి దాని పైఅంచుకు కొలిచి 0.883తో హెచ్చించండి. 76 సెంటీమీటర్లు వస్తే పెడలు ఇరుసు నడిమి నుంచి సీటు పైభాగానికి 67 ఉండాలి. ఇరుసంటే రెండు క్రాంకుల (పెడళ్లు బిగించే కడ్డీల) మధ్య తిరిగేది, కాలు పెట్టే చోటు కాదు.

మరీ ఎత్తయితే తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంది, వెనక నుంచి చూసేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు కిందికుందని, వెనక నరం లాగితే పైకో వెనక్కో ఉందని ముందు అనుమానించాలి. ఒకసారికి 5 మిల్లీమీటర్లకు మించి మార్చకుండా, రెండు మూడు రోజులు తొక్కి చూసి మళ్లీ మార్చాలి. సీటు రాడ్డు మీద గీత గీసుకుంటే పాత చోటు మరిచిపోం. రాడ్డు మీద కంపెనీ వేసిన హద్దు గీత పైకి కనిపించేదాకా లాగితే మాత్రం గొట్టం చీలుతుంది, లేదా రాడ్డే విరుగుతుంది.

వాలు సంగతికి తాపీమేస్త్రి రసమట్టం చాలు. సీటు మీద నిడుపుగా పెడితే బుడగ మధ్యలో నిలవాలి. ముక్కు పైకి లేస్తే తిమ్మిరి, కిందికి వాలితే ఒళ్లు ముందుకు జారి బరువంతా అరచేతుల మీద పడి చిటికెనవేలు, ఉంగరంవేలు మొద్దుబారతాయి. గుంతలో పడ్డప్పుడల్లా ముక్కు లేస్తుంటే సీటును తిట్టుకోనక్కర్లేదు. కింద క్లాంపుకు రెండు పక్కలా ఉండే నట్లలో ఒకటే బిగించి ఉంటారు, లేదా దాని పళ్లు అరిగి ఉంటాయి. క్లాంపొక్కటి మారిస్తే సరి.

సీటు ముందుకు జరపాలా, వెనక్కి జరపాలా అనేదానికి మేస్త్రి దగ్గరి దారం కట్టిన తూకం గుండే వాడుకోండి. క్రాంకులు రెండూ నేలకు సమంగా ఉన్నప్పుడు ముందు మోకాలి చిప్ప నుంచి దారం వదిలితే పెడలు నడిమికి అటూఇటూగా పడాలి. ఇది మొదలుపెట్టడానికి ఆనవాలే తప్ప శాసనం కాదు. మోచేతులు కొద్దిగా వంగి ఉంటే హ్యాండిల్ దూరం సరిపోయినట్టే. పాల క్యాన్లు, చేపల బుట్టలు మోసే పాత రాడ్‌బ్రేకు సైకిళ్లకు హ్యాండిల్ పైకెత్తాక బ్రేకు రాడ్లు కూడా సరిచేయాలి, లేకపోతే ముందు బ్రేకు పట్టేస్తుంది, లేదా అసలు పట్టదు.

మన ఎండలకు రెగ్జిన్ సీటు మీద చెమట ఆరదు. మందపాటి కుట్టున్న జీన్సు వేసుకుంటే తొడలు ఒరుసుకుంటాయి. పలచటి నూలు బట్టలు, పది నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి నిలబడటం రెండూ ఉపశమనమే. ఇవన్నీ చేసినా తిమ్మిరి గంటల తరబడి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి.

పెరిగే పిల్లలు కదా అని పెద్ద సైకిలు కొని సీటు అట్టడుగుకు దించి బడికి పంపుతున్నాం. ఏడాది తిరిగేసరికి పిల్లలు నాలుగు వేళ్లు పొడుగవుతారు, సీటు అక్కడే ఉంటుంది. రెండు జిల్లాల బడుల్లో పీఈటీలు టర్ముకోసారి, ఒక స్పానరు పట్టుకుని సైకిలు స్టాండు దగ్గర నిలబడేలా విద్యాశాఖ అధికారులు చెబితే బాగుంటుంది. సైకిలు అమ్మే షాపులవాళ్లు కూడా గంట, తాళం, జెల్ కవరు చూపించే ముందు కొన్నవాణ్ణి ఒకసారి సీటెక్కించి మడమ పెడలు మీద పెట్టించాలి.

– ఒక సైకిలు మెకానిక్, కావలి