ఖాళీ గ్యాలరీలు, ఆగిన బేరాలు

సంపాదకులకు నమస్కారం.

2020 మార్చి 14న గోవాలోని ఫతోర్డా మైదానంలో చెన్నయిన్ ఫుట్‌బాల్ జట్టు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌ను ప్రేక్షకులు లేకుండానే ఆడి, కోల్‌కతా జట్టు ఏటీకే చేతిలో 1-3తో ఓడింది. కరోనా కారణంగా తర్వాతి రెండు సీజన్లనూ పూర్తిగా గోవాలోనే, ఆటగాళ్లను బయటివారితో కలవనీయని బయో బబుల్‌లో ఉంచి జరిపారు. అయినా 2022 జనవరిలో కేసులు బయటపడి కొన్ని మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. లీగ్ నిలబడడానికి ఆ నిర్ణయం తప్పనిసరే. అయితే, మ్యాచ్ రోజున ఇక్కడ చెన్నైలోని నెహ్రూ స్టేడియం గేటు దగ్గర నీలం జెర్సీలు పరిచి అమ్ముకునేవారికి, పొట్లాలు కట్టి వేరుశనగలు అమ్మేవారికి ఆ రెండు సీజన్లూ బేరమే లేదు. వారి ఊసు ఎక్కడా వినిపించకపోవడమే నా బాధ. ఇకముందు సొంత మైదానాలను మూసి పోటీలను ఒకేచోటికి తరలించవలసి వస్తే, ప్రసార హక్కుల ఆదాయంలో కొంత భాగాన్ని ఈ చిరువ్యాపారులకు కేటాయించాలని నిర్వాహకులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై