ఇంటర్ పిల్లల నిద్రకు టైంటేబుల్‌లో చోటేది?

సంపాదకుల వారికి,

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే రెసిడెన్షియల్ కళాశాలల ప్రకటనలతో పత్రికలు నిండిపోతాయి. ర్యాంకులు, ఫొటోలు, ఏసీ గదులు, వారాంతపు పరీక్షలు అన్నీ వాటిలో ఉంటాయి గానీ, అక్కడ చేరిన పిల్లవాడు రాత్రి ఎన్నింటికి పడుకుంటాడో ఏ ప్రకటనా చెప్పదు. జూనియర్ కళాశాలల్లో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నేను ఆ ఒక్క విషయం గురించే ఈ లేఖ రాస్తున్నాను.

నేనెరిగిన హాస్టళ్లలో దినచర్య ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ఉదయం ఐదింటికి గంట మోగుతుంది, రాత్రి చివరి స్టడీ అవర్ పదిన్నరకో పదకొండుకో ముగుస్తుంది. బట్టలు ఉతుక్కుని, మర్నాటి పరీక్షకు సూత్రాలు ఒకసారి తిరగేసి మంచమెక్కేసరికి మిగిలేది ఆరు గంటలు, ఒక్కోసారి అదీ ఉండదు. తెల్లవారుజామున స్టడీ హాలులోకి వెళ్లి చూస్తే పుస్తకాలన్నీ తెరిచే ఉంటాయి, పెన్నులు చేతుల్లోనే ఉంటాయి, కానీ నోటుబుక్కులో రాస్తున్న సమీకరణం సగంలో వంకర గీతగా మారి మార్జిన్ దాటి జారిపోయి ఉంటుంది. కునికేవారిని లేపి నిలబెట్టడం, మొహం కడుక్కుని రమ్మనడం, అప్పటికీ కాకపోతే ‘ఈ వయసులో ఇంత బద్ధకమా’ అని మందలించడం అక్కడ రోజూ జరిగే పని.

అది బద్ధకం కాదని శరీరధర్మశాస్త్రం ఏనాడో తేల్చింది. కంటి నాడులు ఒకదానినొకటి దాటే చోటుకు సరిగ్గా పైన, మెదడులో ఒక చిన్న కణసమూహం మన పగలూరాత్రి గడియారంగా పనిచేస్తుంది. చీకటి పడ్డాక అది పీనియల్ గ్రంథి చేత మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేయిస్తుంది, నిద్రవేళ అయిందని శరీరానికి తెలిసేది అలాగే. యవ్వనారంభంలో ఈ విడుదల గంట నుంచి రెండు గంటల దాకా ఆలస్యమవుతుంది. దానికి తోడు, మెలకువగా ఉన్నకొద్దీ పెరిగే నిద్రభారం కూడా ఆ వయసులో నెమ్మదిగా పెరుగుతుంది. ఈ వెనకబాటు ఇరవై ఏళ్ల వయసు దగ్గర పతాక స్థాయికి చేరి, ఆ తర్వాత మళ్లీ ముందుకు జరగడం మొదలవుతుందని 2004లో జర్మనీ శాస్త్రవేత్త టిల్ రోనెబర్గ్ బృందం వేలాదిమంది వివరాలతో చూపించింది. వయసు పెరిగేకొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందన్న నమ్మకం కూడా కౌమారానికి వర్తించదు. 1970లలో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్‌స్కాడన్ ఏటా వేసవిలో అవే పిల్లలను రప్పించి, రాత్రికి పది గంటలు పడుకునే వీలు కల్పించి పరిశీలిస్తే, పెద్దవుతున్నా వారి నిద్ర తొమ్మిది గంటలకు పైనే ఉండిపోయింది.

‘మేము నాలుగింటికే లేచి చదువుకోలేదా’ అని అడిగే పెద్దల మాటలో అబద్ధమేమీ లేదు. వారిలో చాలామంది ఎనిమిది, తొమ్మిది గంటలకే పడుకున్నవారన్న సంగతి మాత్రం ఆ మాటలో వినిపించదు. పైగా నలభై, యాభై దాటినవారి గడియారం ముందుకు జరిగి ఉంటుంది కాబట్టి, వేకువనే మెలకువ రావడం వారి ఘనతేమీ కాదు.

ఇక, ఆరు గంటల నిద్ర చాలదా అన్న ప్రశ్నకు 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగమే సమాధానం. ఆరోగ్యవంతులైన పెద్దవారిని పద్నాలుగు రోజులు వరసగా ఆరు గంటలో అంతకన్నా తక్కువో నిద్రకు పరిమితం చేస్తే, వారి ఏకాగ్రత ఒకటి రెండు రాత్రులు అసలే నిద్రపోనివారి స్థాయికి దిగజారింది. విచిత్రమేమిటంటే, తమకు అంత లోటు జరిగిందని వారికి తెలియనే లేదు. తాము బాగానే ఉన్నామనుకున్నారు. మన పిల్లలు ‘అలవాటైపోయింది సార్’ అని చెప్పినప్పుడల్లా నాకు ఈ ప్రయోగమే గుర్తుకొస్తుంది. ఇంకొక సంగతి ఉంది. కలలు వచ్చే దశ నిద్ర రాత్రి చివరి భాగంలోనే ఎక్కువగా ఉంటుంది కనుక, వేకువన లేపితే అన్ని దశలూ సమానంగా తగ్గవు, ఆ దశే ఎక్కువగా తెగిపోతుంది. నిద్రకూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధమైతే 1924 నాటికే బయటపడింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇద్దరంటే ఇద్దరు విద్యార్థుల చేత అర్థం లేని అక్షరాలను కంఠస్థం చేయిస్తే, ఆ తర్వాత మెలకువగా ఉన్నప్పటికన్నా నిద్రపోయినప్పుడే వారికి ఎక్కువ గుర్తున్నాయి.

నిద్రకు సమయం పెంచితే పిల్లలు దాన్ని ఫోన్లకూ కబుర్లకూ ఖర్చు చేస్తారని కొందరంటారు. అమెరికాలోని సియాటిల్‌లో 2016లో ఉన్నత పాఠశాలల ప్రారంభ వేళను 7.50 నుంచి 8.45కు మార్చినప్పుడు కూడా ఇదే భయం వినిపించింది. చేతికి కట్టిన పరికరాలతో కొలిచి చూస్తే పిల్లల నిద్ర రోజుకు సుమారు 34 నిమిషాలు పెరిగింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టమే చేసి, ఉన్నత పాఠశాలలు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టరాదని నిర్దేశించింది. అది 2022 నుంచి అమలులో ఉంది. అయితే ఆ చట్టాన్ని యథాతథంగా ఇక్కడికి తేవడం వల్ల మనకు ఒరిగేది తక్కువ, ఎందుకంటే మన కళాశాలల్లో చిక్కు తరగతుల వేళతో కాదు, తరగతులకు అటూ ఇటూ అతికించిన స్టడీ అవర్లతో.

కాబట్టి రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులకు నా విన్నపం ఇది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్రవైద్య నిపుణుల సంస్థ 2016లో సూచించింది. అందులో కనీసమైన ఎనిమిది గంటలనైనా హాస్టళ్లకు అనుమతిచ్చేటప్పుడు షరతుగా చేర్చాలి. లైట్లు ఆర్పే వేళ, గంట కొట్టే వేళ రెండూ రాతపూర్వకంగా తీసుకుని, తనిఖీకి వచ్చే అధికారులు ప్రయోగశాలలనూ మరుగుదొడ్లనూ చూసినట్టే వాటినీ చూడాలి. కోత పెట్టవలసింది వేకువ స్టడీ అవర్‌కేనని నా అభిప్రాయం. రాత్రి తొమ్మిదిన్నరకే పడుకోబెట్టినా ఆ వయసు పిల్లలకు వెంటనే నిద్ర పట్టదు.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి.